ఒక్క పనికి రెండు భాషలా?



మా యారాడ తీరమున తెప్పలు కట్టువారు కొయ్యపని నెఱిగినవారు. ఒడ్డునకు ఫైబరు పడవ వచ్చిననాడు అడుగవలసిన ప్రశ్న యొక్కటే: ఇది పగిలినచో అదుకువా రెవరు? అట్టి ప్రశ్నయే కంప్యూటరు లోకమునను పుట్టినది. దానినే నేడు మీకు విన్నవించెదను.

1991లో ఫిన్లాండు విద్యార్థి లైనస్ టోర్వాల్డ్స్ ఆరంభించిన లినక్స్ 'సి' అను భాషలో వ్రాయబడినది. మీ మనుమల చేతిలోని ఆండ్రాయిడు ఫోనునకు ఆధారమదియే. 'సి' వేగము గలది. కాని యంత్రపు జ్ఞాపకస్థానమును కాపాడు భారమంతయు వ్రాయువానిదే. ఖాళీచేసిన యింటి తాళపుచెవి పాత కాపురస్థుని యొద్దనే మిగిలినట్లు పొరపాటు జరిగెనా, దొంగకు దారి దొరకును. తమ సరకులోని భద్రతాలోపములలో సుమారు 70 శాతము ఇట్టి జ్ఞాపకస్థాన దోషములేయని మైక్రోసాఫ్టు సంస్థ 2019లో తెలిపినది.

రస్ట్ అను క్రొత్త భాష యిట్టి తప్పులను పెక్కింటిని, పని నడువక మునుపే పట్టి నిలుపును. అందుచే 2022 డిసెంబరులో లినక్స్ దానికి చోటిచ్చినది. 'సి' నెఱిగిన పెద్దలు కొందఱు శంకించిరి: ఒకచోట మార్చినచో రెండవ భాషలో దిద్దువా రెవరని. వారి శంక నిరాధారము కాదు. తగవు ముదిరి కొందఱు పనియే విడిచిపోయిరి. తుదకు 2025 డిసెంబరులో, రస్ట్ ప్రయోగదశ దాటినదని లినక్స్ నిర్వాహకులు నిశ్చయించిరి.

నా మత మిది: క్రొత్తదానిని రానీయవలెను, పాతదాని నొక్కనాట కూల్చరాదు, తెచ్చినవారే మరమ్మతు భారమును వహింపవలెను. ఫైబరు పడవ తెచ్చినవాడు అదుకుట నేర్చి, పదుగురికి నేర్పెనా, ఒడ్డున తగవుండదు.