ముందు ఏది ఆగాలి?

సుంకేసుల దగ్గర తుంగభద్ర నుంచి బయల్దేరి నంద్యాల మీదుగా కడప దాకా పోయే కేసీ కాలువకు ఇప్పుడు రెండో ఆధారం ఉంది. తుంగభద్ర ఎండిన రోజుల్లో శ్రీశైలం వెనుక జలాలను ముచ్చుమర్రి పంపులు ఎత్తిపోస్తాయి. జలాశయం నిండు మట్టం 885 అడుగులు. నీళ్లు 798 అడుగులకు దిగినా ముచ్చుమర్రికి అందుతాయి. మట్టం తగ్గి హంద్రీ-నీవా ఎత్తిపోతల పథకపు మల్యాల పంపులకు నీళ్లందనప్పుడు దానికీ ముచ్చుమర్రే దిక్కు. ఒకటి పడిపోతే ఇంకొకటి అందుకునే ఈ ఏర్పాటునే కంప్యూటర్ ఇంజినీర్లు ఫెయిలోవర్ అంటారు.

అయితే ముచ్చుమర్రి నీళ్లు కేసీ కాలువ తలలో కలవవు, బాగా దిగువన కలుస్తాయి. అంతకు పైనున్న కర్నూలు వైపు ఆయకట్టుకు సుంకేసుల తప్ప వేరే గతి లేదు. మూలమైతే మారింది కానీ, దాన్ని నమ్ముకున్న వాళ్లంతా దాని వెంట మారలేరు. సర్వర్ల విషయంలో చిక్కంతా సరిగ్గా ఇక్కడే ఉంది.

రేషన్ షాపులోనో రిజిస్ట్రేషన్ ఆఫీసులోనో “సర్వర్ లేదు, రేపు రాండి” అన్నప్పుడు మనం ఎక్కడో ఒక పెట్టె చెడిపోయిందనుకుంటాం. నిజానికి ఆ మాట వెనక ఒక వరుస ఉంటుంది. అడుగున సమాచారం దాచే డిస్కులు, వాటి మీద డేటాబేస్, దాని మీద లెక్కలు చూసే అప్లికేషన్, ఆ పైన మన తెరకు జవాబిచ్చే వెబ్ సర్వర్, అందరూ వెతుక్కుంటూ వచ్చే ఒక ఐపీ అడ్రస్. ముఖ్యమైన చోట్ల వీటి కోసం రెండు మూడు యంత్రాలను జతకట్టి క్లస్టర్‌గా నడుపుతారు. లినక్స్ లోకంలో ఈ పనికి ఎక్కువగా వాడేవి కోరోసింక్, పేస్‌మేకర్ అనే రెండు ప్రోగ్రాములు. యంత్రాలు ఒకదాన్నొకటి “ఉన్నావా?” అని క్షణక్షణం పలకరించుకునేలా కోరోసింక్ చూస్తుంది. జవాబు రాకపోతే ఏ సేవను ఎక్కడికి, ఏ వరుసలో మార్చాలో పేస్‌మేకర్ తేలుస్తుంది.

దానికి మనం చెప్పాల్సిన నియమాలు ముఖ్యంగా రెండు రకాలు. దేని తర్వాత ఏది మొదలవ్వాలన్నది ఒకటి, దేనితో పాటు ఏది ఒకే యంత్రంలో ఉండాలన్నది రెండోది. కొత్తగా చేరినవాళ్లు మొదటిది రాసి రెండోది రాసినట్టే అనుకుంటారు. “డేటాబేస్ తర్వాత అప్లికేషన్” అని మాత్రమే చెబితే, పేస్‌మేకర్ డేటాబేస్‌ను ఒక యంత్రంలో, అప్లికేషన్‌ను ఇంకో యంత్రంలో లేపవచ్చు. వరుస తప్పలేదు కాబట్టి దాని దృష్టిలో అంతా బాగున్నట్టే.

2018 అక్టోబర్ 21న, ప్రోగ్రామర్లు కోడ్ దాచుకునే గిట్‌హబ్‌కు ఇలాంటి దెబ్బే పెద్ద ఎత్తున తగిలింది. అమెరికా తూర్పు తీరంలోని వాళ్ల డేటా కేంద్రానికి 43 సెకన్ల పాటు లింకు తెగింది. ఆ కాస్త సమయంలోనే కాపలా సాఫ్ట్‌వేర్ డేటాబేస్ పెత్తనాన్ని పడమటి తీరానికి మార్చేసింది. అప్లికేషన్లు మాత్రం తూర్పునే ఉండిపోయాయి. ప్రతి చిన్న ప్రశ్నా దేశం ఈ చివర నుంచి ఆ చివరకు పోయి రావాల్సి వచ్చింది. పైగా లింకు తెగిన క్షణాల్లో తూర్పున రాసినవి పడమటికి చేరలేదు, పడమట రాసినవి తూర్పున లేవు. అన్నీ సర్దుకునేసరికి 24 గంటల 11 నిమిషాలు పట్టింది. 43 సెకన్లు ఊరికే ఓపిక పట్టి ఉంటే ఇంత జరిగేది కాదనిపిస్తుంది. కానీ అది నలభై మూడు సెకన్లతోనే పోతుందని ఆ క్షణంలో ఎవరికి తెలుసు?

ఇక ఆపే వరుస. నా ఉద్దేశంలో జనం తక్కువగా పట్టించుకునేది ఇదే. హంద్రీ-నీవాలో మల్యాల నుంచి అనంతపురం జిల్లా జీడిపల్లి వైపు నీళ్లు లిఫ్టు తర్వాత లిఫ్టు ఎక్కుతూ పోతాయి. మధ్యలో ఒక లిఫ్టు ఆగితే, దానికి నీళ్లు పంపే మల్యాల వైపు పంపులు ముందు ఆగాలి. లేదంటే కాలువ పొంగి గట్టు తెగుతుంది. ఆగిన లిఫ్టుకు అవతల ఉన్నవి సంపులో ఉన్నంత నీటిని తోడేసుకుని ఆ తర్వాత ఆగవచ్చు. ప్రవాహం ఎటునుంచి వస్తుందో అటే ముందు మూయాలి. క్లస్టర్‌లో ప్రవాహం జనం వైపు నుంచి వస్తుంది. అందుకే ముందు వెబ్ సర్వర్, తర్వాత అప్లికేషన్, చివరికి డేటాబేస్ ఆగాలి. మధ్యలో ఉన్న లావాదేవీలు అడుగుకు చేరి నిలవడానికి అదే దారి. మొదలుపెట్టే వరుస మాత్రం రెండు చోట్లా ఒకటి కాదు. నీళ్లు రానిదే పంపు తిరగదు గనుక కాలువలో మల్యాలే ముందు. క్లస్టర్‌లో అడుగునున్న డేటాబేస్ ముందు.

పంపు స్విచ్ వేసినంత మాత్రాన అవతలి లిఫ్టుకు నీళ్లు చేరినట్టు కాదు. కుప్పకూలిన డేటాబేస్ కూడా లేచాక తన చిట్టా తిరగేసి, సగంలో ఆగిన పనులు సరిచేసుకున్నాకే జవాబిస్తుంది. ఆలోపే “లేచాను” అని అది చెప్పేస్తే, పైనున్న అప్లికేషన్ వెళ్లి తలుపు కొట్టి, జవాబు లేక పడిపోతుంది. అప్పుడు పేస్‌మేకర్ అప్లికేషన్‌దే తప్పనుకుని దాన్ని వేరే యంత్రానికి తరిమేస్తుంది.

అన్నిటికంటే ప్రమాదం, చచ్చిందనుకున్న యంత్రం చావకపోవడం. లింకు తెగి మాట పలకని యంత్రం లోపల ఇంకా డిస్కు మీద రాస్తూ ఉండవచ్చు. రెండోది కూడా రాయడం మొదలుపెడితే సమాచారం ధ్వంసమే. అందుకే పెత్తనం తీసుకునే ముందు పాతదాని కరెంటు తీయించి, తీసినట్టు రూఢి చేసుకోవాలి. దీన్ని ఫెన్సింగ్ అంటారు. పరీక్షల్లో విసుగు తెప్పిస్తుందని దీన్ని ఆఫ్ చేసేవాళ్లున్నారు. అది క్లస్టర్ కాదు, రెండు యంత్రాలు మాత్రమే.

ఈ ఫెన్సింగ్‌లోనూ ఒక కిటుకుంది. కరెంటు తీసే చిన్న పరికరం చాలాసార్లు ఆ సర్వర్ లోపలే ఉండి, దాని కరెంటుతోనే బతుకుతుంది. సర్వర్‌కు కరెంటు పోతే అదీ పోతుంది. “తీశాను” అని చెప్పేవాళ్లు ఉండరు గనుక క్లస్టర్ అలాగే నిలబడిపోతుంది. రక్షించాల్సిన వ్యవస్థే మరొకదాని మీద ఆధారపడి ఉంటే ఏమవుతుందో శ్రీశైలం ఎడమ గట్టు భూగర్భ జలవిద్యుత్ కేంద్రం చూపించింది. 2020 ఆగస్టు 20 రాత్రి జరిగిన అగ్నిప్రమాదంలో తొమ్మిది మంది ప్రాణాలు పోయాయి. బ్యాటరీల నుంచి వచ్చే డీసీ సరఫరా దెబ్బతిని, రక్షణ బ్రేకర్లు పడాల్సినప్పుడు పడలేదని అప్పట్లో వార్తలు వచ్చాయి.

మీ ఆఫీసులోనో బ్యాంకులోనో రెండో సర్వర్ ఉందని ఎవరైనా ధీమాగా చెబితే ఒక్క మాట అడగండి: చివరిసారి మొదటిదాని వైరు నిజంగా పీకి చూసింది ఎప్పుడు? తేదీ చెప్పలేకపోతే ఆ రెండోది లేనట్టే లెక్క.