పంపు మార్చినను ఇంజను కాగుట యేల?

గోదావరి ధవళేశ్వరమునకు దిగువ పాయలుగా చీలి, గౌతమి, వసిష్ఠ, వైనతేయ యను పేర్లతో సముద్రమును చేరులోపల నడుమ నెన్నియో లంకలను నిలిపినది. ఆ లంకలలో అరటి, కొబ్బరి, కూరగాయలు పండించు రైతులకు పడవయే బండి. గడయు తెడ్డును తెరచాపయు నడపిన పడవలకు నేడు పలుతావుల ఇంజను వచ్చి చేరినది. పడవ వెనుకపలకకు బిగించి, పని తీరిన పిమ్మట విప్పి యింటికి గొనిపోదగిన ఔట్‌బోర్డు మోటారు వానిలో నొకటి. 2022 జూలైలో ధవళేశ్వరము బ్యారేజి వద్ద వరద 25 లక్షల క్యూసెక్కులకు మించిన దినములలో పెక్కు లంక గ్రామములకు పడవయే దారి యయ్యెను. అట్టి ప్రవాహము నడుమ ఇంజను ఆగిన నేమగునో రేవు నెఱిగినవారికి మేము చెప్పనక్కఱలేదు.

ఇంజను కాగుచున్నదని తెలిసినతోడనే మనవారు నీటిపంపును మార్చుదురు. అది మంచి పనియే. కాని మార్చిన మఱునాడే ఇంజను మరల కాగినచో, సరకు నకిలీదని అమ్మినవానిని నిందించుట పరిపాటి. సరకు చెడ్డదగుటయు కలదు. అయినను బిగించుటలో జరిగిన చిన్న పొరపాటే కారణమగుట అంతకంటె తఱచని మా తలంపు. దాని నెఱుగుటకు నీరు పోవు దారిని ముందుగా నెఱుగవలెను.

ట్రాక్టరునకు రేడియేటరు కలదు. ఈ మోటారునకు ఏఱే రేడియేటరు. నీట మునిగియుండు క్రిందికాలికి ప్రక్కల జల్లెడవంటి రంధ్రములు కలవు. నీరు వానినుండి ప్రవేశించి, నిలువు ఇరుసుతో తిరుగు రబ్బరు ఱెక్కల చక్రముచే త్రోయబడి, సన్నని గొట్టము వెంట పైకెక్కి, సిలిండర్ల చుట్టును తిరిగి, థర్మోస్టాటు దాటి, పొగతో కూడ క్రిందికి పోవును. ఈ చక్రమునే ఇంపెల్లరందురు. నీటిలో కొంతభాగము మాత్రము ఇంజను ప్రక్కనుండి సన్నని ధారగా వెలికి చిమ్మును. సరంగు కన్ను ఎల్లప్పుడు ఆ ధారపై నుండవలెను.

ధార రానిచో వెంటనే క్రిందికాలు విప్పబూనరాదు. తొలుత ఆ ధార రంధ్రములో సన్నని తీగను పోనిచ్చి చూడవలెను. కొన్నాళ్లు పనిలేక యున్న మోటారులో కందిరీగ మట్టిగూడు కట్టుట కలదు. ఒక పుల్లతో తీరు పనికి దినమంతయు విప్పుచు కూర్చుండుట యేల? మఱియొక సంగతి. ధార బాగుగా వచ్చుచున్నదని ఇంజను చల్లగానున్నట్లు నిశ్చయింపరాదు. కొన్ని ఇంజనులలో ఆ ధార థర్మోస్టాటునకు ముందే వేఱగును. పంపు నీరెత్తుచున్నదని మాత్రమే అది చెప్పును, ఆ నీరు పైవఱకు తిరుగుచున్నదని చెప్పదు.

ఇక బిగింపు సంగతి. క్రిందికాలిని మరల పైకెత్తి బిగించునపుడు ఇరుసు పైభాగము ఇంజనులో కుదురుకొన్నదా యని అందఱును చూతురు. నీటిగొట్టము కొన పంపు నెత్తిననున్న రబ్బరు వలయములో దిగినదా యని చూచువారు తక్కువ. అది ప్రక్కకు జాఱినచో, వలయము మడతపడినచో, పంపెత్తిన నీటిలో చాల భాగము లోలోపలనే ఏటిలోనికి పోవును. పంపు క్రొత్తదే, ఱెక్కలు మంచివే, ఇంజను మాత్రము కాగును. కావున గొట్టము కొనను శుభ్రపఱచి, వలయమునకు సబ్బునీరు రాచి, ఒకరు కాలినెత్తుచుండగా నింకొకరు గొట్టమును చూచుచు దింపవలెను. ఇది యొంటరిగా చేయు పని కాదు.

ఇంపెల్లరును ఇరుసుతో కలిపి త్రిప్పునది గోటియంత లోహపు కీ. బురదచేతులతో పనిచేయునపుడు అది జాఱిపడినను తెలియదు. కీ లేనిచో ఇరుసు తిరుగును గాని చక్రము తిరుగదు. చక్రము క్రింది పలకయు, దాని గాస్కెట్టులును విప్పిన వరుసలోనే మరల చేరవలెను. గాస్కెట్టు రంధ్రములు నీటిదారికి సరిగా నెదురుపడవలెను. పాతపలకపై వ్రేలితో తడవిన గాడి తగిలినయెడల పలకను గూడ మార్చవలెను. ఇసుకనీట తిరిగిన పంపులలో పలకయు, చక్రము తిరుగు గిన్నెయు అరిగియుండును. అరిగిన గిన్నెలో క్రొత్త చక్రము వేయుట, అరిగిన తిరుగలిలో పిండి మెత్తగా రావలెనని కోరుటయే. గిన్నెను దింపునపుడు ఇరుసును అది ఎప్పుడును తిరుగు దిక్కుననే మెల్లగా త్రిప్పవలెను. అట్లు చేసిన ఱెక్కలు తగినవైపునకు వంగి కూర్చుండును. వెనుకకు త్రిప్పినచో ఎదురు మడతపడి త్వరలో విఱుగును.

అన్నిటికంటె మోసకరమైనది పాత చక్రపు విఱిగిన ఱెక్కముక్క. పాతచక్రమును పాఱవేయకముందు ఱెక్కలను లెక్కింపుడు. ఒకటి తక్కువైన నది ఎక్కడికో పోయియుండవలెను గదా! పెక్కుసార్లు గొట్టములోనో, సిలిండరు చుట్టునున్న సందులలోనో, థర్మోస్టాటు వాకిటనో చిక్కియుండును. గొట్టమునకు పైనుండి మంచినీటిని జోరుగా ఎదురు పెట్టిన నది క్రిందికి రావచ్చును. రానిచో థర్మోస్టాటు మూతను విప్పి చూడవలెను.

ఎప్పుడు కాగుచున్నదో కనిపెట్టుటయు అవసరము. మెల్లగా నడచునపుడు కాగి, వేగము హెచ్చగనే చల్లబడినచో థర్మోస్టాటు మూసికొనిపోయి యుండవచ్చును. ఒత్తిడి తీర్చు కవాటము గల ఇంజనులలో దానిక్రింద ఇసుక చేరి అది తెఱచుకొనియే యుండుటయు కలదు. వేగమున మాత్రమే కాగినచో జల్లెడ రంధ్రములను చూడుడు. గుర్రపుడెక్క వేళ్లు, ప్లాస్టిక్కు సంచులు అందు చుట్టుకొనును. మోటారును పలకపై మిక్కిలి ఎత్తుగా బిగించినను నీటికి మాఱుగా గాలి పీల్చును. ప్రొపెల్లరు పైనుండు వెడల్పురేకు ఇంచుమించు పడవ అడుగుతో సమముగా నుండుట సామాన్యనియమము.

థర్మోస్టాటును పరీక్షించుట సుళువు. దారముతో కట్టి, గిన్నె అడుగు తగులకుండ నీటిలో వ్రేలాడదీసి కాచవలెను. నీటిలో థర్మామీటరు నుంచవలెను. దానిపై అచ్చొత్తిన వేడిమి దగ్గఱ తెఱచుకొని, చల్లారగా మూసికొనవలెను. దానిని తీసివేసియే నడుపుట కొందఱి యలవాటు. అట్లు చేసిన ఇంజను తగినంత వేడెక్కక ఇంధనము సరిగా కాలదు, మసి పట్టును. ఇవన్నియు సరిగా నున్నను కాగినచో, ప్లగ్గు తీసి చూడవలెను. ప్లగ్గుపై తడియున్నను, ధారలో బుడగలు వచ్చుచున్నను సిలిండరు మూత గాస్కెట్టు చెడినదని అనుమానింపవలెను. అది మిస్త్రీ పని.

పరీక్షకై గట్టుమీద ఒక్క నిమిషము నీరులేక నడపిన చాలు, క్రొత్త ఱెక్కలు మాడిపోవును. పెద్ద పీపాలో పంపు మునుగునంత నీరు పోసి, గేరు వేయక నడపవలెను. సముద్రము చేరువనున్న పాయలలో ఆటుపోటుల వెంట ఉప్పునీరు పైకి వచ్చును. అక్కడ తిరిగిన మోటారును మంచినీటితో కడుగకున్న ఉప్పు గడ్డకట్టి దారులు మూయును.

నడియేట కాగినచో మొదట లంగరు వేయుడు, పిమ్మట ఇంజను ఆపుడు; ప్రవాహమున లంగరు లేక ఆపుట అపాయము. కాలినెత్తి జల్లెడకు చుట్టుకొన్న నాచును తీయుడు. కాగిన ఇంజనుపై చన్నీరు పోయరాదు, లోహము బీటవాఱును. లంగరును, తెడ్డును లేని ఇంజను పడవలో గెలలను గాని మనుష్యులను గాని ఎక్కింపరాదని మా గట్టి యభిప్రాయము.

ఒకే రేవున ఒకే రకపు మోటారులున్న సభ్యులు కలసి ఇంపెల్లరు, కీ, పలక, గాస్కెట్టులు గల యొక జతను సంఘము గదిలో నుంచుకొనవచ్చును. రబ్బరు ఎండ తగిలిన పెళుసగును, గాన డబ్బాలో నుంచవలెను. పంపు మార్చిన తేదీని మోటారు మూత లోపలివైపున రంగుతో వ్రాసికొనుడు.