పుత్తూరు కట్టు: వస్తువునందు మనస్సు

ఎముక విరిగినవానికి రెండు బాధలు కలుగును. ఒకటి దేహమునకు, రెండవది మనస్సునకు. చేయి మరల లేచునా, కాలు నిలుచునా, పనికి పోవుట ఎన్నడు, ఇల్లు గడచుట ఎట్లు అను చింత నొప్పితో సమానముగ నిద్రను హరించును. కావున విరిగిన ఎముకకు కట్టు కట్టువాడు తెలిసియో తెలియకయో ఆ చింతకును కట్టు కట్టవలసియుండును.

తిరుపతినుండి చెన్నపట్టణమునకు పోవు మార్గముననున్న పుత్తూరు ఈ విద్యకు పేరొందిన ఊరు. దాని చేరువ రాచపాళెములో రాజుల కుటుంబమువారు తరతరములుగా ఈ కట్టు కట్టుచున్నారు. వేటాడి తెచ్చిన కుందేలు మాంసమును ఆకులలో చుట్టియుంచగా విరిగిన ఎముకలు అతుకుకొనెననియు, ఆ ఆకే ఈ వైద్యమునకు మూలమనియు ఒక కథ చెప్పుకొందురు. కథ ఎట్లున్నను కట్టులోని వస్తువులు కంటికెదురుగ నున్నవి: ఆకుపసరు, కోడిగ్రుడ్డు తెల్లసొన, నూలుగుడ్డ, వెదురుదబ్బలు. తెల్లసొన ఆరి గుడ్డను గట్టిపరచును. దబ్బలు ఎముకను కదలనీయవు.

ఈ నాలుగింటిలో పల్లెవాసి యెరుగనిది ఒక్కటియు లేదు. అమెరికా దేశపు మనస్తత్వవేత్త డొనాల్డ్ నార్మన్ 2004లో ప్రకటించిన ‘ఎమోషనల్ డిజైన్’ అను గ్రంథమున, వస్తువు మనస్సును మూడంతస్తులలో తాకునని వివరించెను. చూచినంతనే కలుగు స్పందన మొదటిది; వాడుకలోని అనుభవము రెండవది; అది తనకేమగునను తలపోత మూడవది. ఈ కొలతతో పుత్తూరు కట్టును చూడవచ్చును. గుడ్డను, వెదురును చూచిన రోగికి కత్తి తలపునకు రాదు. కట్టించుకొని ఇంటికి మరలిపోవచ్చును. ‘మా తాతకును ఇచటనే కట్టిరి’ అను జ్ఞాపకము ధైర్యమగును.

జైపూరులో 1968 ప్రాంతమున శిల్పి రామచంద్రశర్మయు, వైద్యుడు పి. కె. సేథీయు రూపొందించిన కృత్రిమపాదము మరియొక నిదర్శనము. అంతకు మున్ను వచ్చుచుండిన పాదములు బూట్లు తొడుగువారికొరకు చేయబడినవి. మఠము వేసికొని కూర్చుండుటకు, గొంతుకూర్చుండుటకు, వట్టికాళ్ళతో తడిపొలమున నడచుటకు అవి అనుకూలింపకుండెను. జైపూరు పాదము రబ్బరుతో నిజమైన పాదమువలెనే కనబడును. అందుచే దానిని ధరించినవాడు నలుగురిలో సిగ్గుపడ నక్కరలేకపోయెను. కొలత దేహమునది, అంగీకారము మనస్సునది.

అయితే మనస్సు నమ్మినంతమాత్రమున ఎముక అతుకదు. నేడు ‘పుత్తూరు కట్టు’ అను బోర్డులు తెలుగునాట అనేక పట్టణములలోను, పొరుగు రాష్ట్రములలోను కనబడుచున్నవి. ఊరిపేరు నమ్మకమును తెచ్చును. కట్టువానికి నేర్పును తేదు. వెదురుకట్టైనను, ఆసుపత్రి సిమెంటుకట్టైనను, బిగువు మించినచో రక్తప్రసారమును నిలిపి అవయవమునకే ముప్పు తెచ్చును. వ్రేళ్ళు నీలమెక్కినను, చల్లబడినను, తిమ్మిరి పట్టినను, నొప్పి అంతకంతకు హెచ్చినను వెంటనే ఆసుపత్రికి పోయి కట్టు సడలింపజేసికొనవలెను. ఎముక చర్మమును చీల్చుకొని వచ్చినచో మొదటనే ఆసుపత్రికి పోవలెను. అట్టి వేళ నమ్మకము ఎంత గొప్పదో, అది చేయించు ఆలస్యము అంత ప్రమాదకరము.

భయపడినవానికి ధైర్యము గొలుపు వస్తువును చేయుట గొప్ప విద్య. ఆ ధైర్యమునకు తగిన భద్రతను కూర్చుట అంతకంటె గొప్ప బాధ్యత. ఆసుపత్రులు నేర్వవలసినది మొదటిది. కట్టువారు మరువరానిది రెండవది.