తొక్కలోని పరిమళం – బెర్గమాట్ తైలం

వెలుగుతున్న కొవ్వొత్తి పక్కన బత్తాయి తొక్కను మడిచి నొక్కితే చిటపటమంటూ చిన్న మెరుపులు వస్తాయి. తొక్క పైపొరలో సూదిమొనంత తిత్తులు ఉన్నవి. వాటి నుండి చిమ్మిన తైలం మంటలో పడి మండడమే ఈ మెరుపులకు కారణం. నిమ్మ, నారింజ, దబ్బ, పంపరపనస మొదలైన పండ్లన్నిటికీ ఇటువంటి తిత్తులు ఉంటాయి. తినేవారికి లోపలి రసం ముఖ్యం. పరిమళ ద్రవ్యాలు తయారుచేసేవారికి పైతొక్కే ముఖ్యం. వారు ఈ కుటుంబమంతటిలోను ఎక్కువగా కోరుకొనే తైలాలలో బెర్గమాట్ తైలం ఒకటి.

బెర్గమాట్ పండు నారింజకాయంత ఉంటుంది. పచ్చగా ఉండి, పండినపుడు నిమ్మపండు రంగుకు తిరుగుతుంది. రసం పులుపు, చేదు కలిసి ఉండుటచేత నేరుగా తినేవారు తక్కువ. నిమ్మ, పుల్ల నారింజ కలిసి పుట్టిన సంకర జాతి ఇదని జన్యు పరీక్షలు తెలుపుతున్నవి. ఇటలీ దేశాన్ని పటంలో బూటుతో పోలుస్తారు కదా, ఆ బూటు మొనవద్ద రెజ్జో కలాబ్రియా అనే పట్టణం ఉన్నది. దాని చుట్టూ సముద్రాన్ని ఆనుకొని ఉన్న సన్నని నేలలోనే ప్రపంచపు బెర్గమాట్‌లో అధికభాగం పండుతున్నది. ఆఫ్రికాలోని ఐవరీ కోస్టులో కూడ కొంత పండిస్తారు.

శీతకాలంలో కాయలు కోస్తారు. ఒక కిలోగ్రాము తైలానికి సుమారు 200 కిలోగ్రాముల కాయలు కావాలి. పూర్వం ఈ పని చేతితోనే జరిగేది. కాయను రెండు చెక్కలుగా కోసి, లోపలి గుజ్జు తీసివేసి, తొక్కను సముద్రపు స్పంజి మీద అదిమి తిప్పేవారు. తిత్తులు చిట్లి తైలం స్పంజిలోకి ఇంకేది. స్పంజిని మట్టిపాత్రలో పిండితే నీరు అడుగుకు దిగి, తైలం పైకి తేలేది. 1844లో నికోలా బరిల్లా అనే ఆయన ఈ పనికి ఒక యంత్రం నిర్మించాడు. నేటి యంత్రాలు గరుకు తలాలతో తొక్కను గీరుతూ నీటిని చిమ్ముతాయి; ఆ నీటి నుండి తైలాన్ని వడిగా తిరిగే యంత్రంలో వేరుచేస్తారు.

గులాబీ అత్తరు మాదిరిగా దీనిని కూడ స్వేదనం చేయరాదా అని విద్యార్థులకు సందేహం కలుగవచ్చు. చేయవచ్చు, కాని మామూలు పద్ధతిలో చేస్తే పరిమళం చెడుతుంది. కారణం రసాయన శాస్త్రంలో ఉన్నది. బత్తాయి వంటి తీపి నారింజల తొక్క తైలంలో లిమోనీన్ అనే హైడ్రోకార్బను సామాన్యంగా 90 శాతానికి మించి ఉంటుంది. బెర్గమాట్‌లో అది అందులో సగం కూడ ఉండదు. ఇక్కడ లినలైల్ ఎసిటేట్ అనే ఎస్టర్ నాలుగోవంతు నుండి మూడోవంతు దాకా ఉంటుంది. ఎసిటిక్ ఆమ్లం, లినలూల్ అనే ఆల్కహాలు కలిసిన పదార్థమిది. ధనియాల వాసనకు ముఖ్యకారణం ఈ లినలూలే. బెర్గమాట్ వాసన నిమ్మవలె పులుపుగా మాత్రమే కాక పువ్వువలె మృదువుగా ఉండటం ఈ రెంటి వలననే. వేడినీటి ఆవిరి చాలసేపు తగిలితే ఎస్టర్ జలవిశ్లేషణం చెంది విడిపోతుంది. అందుచేతనే తొక్కను చల్లగా పిండడం.

ఇదే ఎస్టర్‌ను కర్మాగారాలలో చౌకగా తయారుచేస్తారు. కనుక కల్తీకి అవకాశం హెచ్చు. అయితే ఈ అణువుకు కుడిచేయి, ఎడమచేయి వలె ఒకదానికొకటి ప్రతిబింబాలైన రెండు రూపాలు ఉన్నవి. చెట్టు దాదాపు ఒక రూపాన్నే తయారుచేస్తుంది. సామాన్య కృత్రిమ పద్ధతిలో రెండూ సమంగా వస్తాయి. రెండు రూపాలనూ వేరుచేసి చూపే క్రొమటోగ్రఫీ పరీక్షలో ఈ తేడా బయటపడుతుంది.

పరిమళాల కూర్పులో బెర్గమాట్‌ది మొదటి పలకరింపు. లిమోనీన్ 176 డిగ్రీల సెంటీగ్రేడు వద్ద మరుగుతుంది. చందన తైలంలోని శాంటలాల్ మరగడానికి సుమారు 300 డిగ్రీలు కావాలి. ఒంటికి రాసుకొన్నపుడు తేలిక అణువులు ముందుగా ఎగిరి ముక్కును చేరతాయి, చందనం, వట్టివేరు వంటివి గంటలకొద్దీ మిగిలి ఉంటాయి. బెర్గమాట్ త్వరగా పోయేదే అయినా, పోతూపోతూ బరువైన వాసనలకు దారితీస్తుంది. జర్మనీలోని కొలోన్ నగరంలో 18వ శతాబ్దపు ప్రారంభంలో ఇటలీ వాడైన ఫరీనా కూర్చిన పరిమళ జలంలో ఇది ప్రధానం. జ్వరం వచ్చినపుడు తడిగుడ్డతో నుదుట అద్దే యూడికొలోన్ ఆ జాతిదే. 1925లో పారిస్‌లో గెర్లాన్ సంస్థ తెచ్చిన షాలిమార్‌లో వనిలా వంటి బరువైన వాసనకు ఎదురుగా బెర్గమాట్‌ను ధారాళంగా వాడారు. ఎర్ల్ గ్రే అనే తేయాకు వాసన కూడ ఇదే.

ఇంత మనోహరమైన తైలంలో ఒక చిక్కు ఉన్నది. కొలోన్ రాసుకొని ఎండలో తిరిగినవారి చర్మంపై గోధుమరంగు మచ్చలు రావడాన్ని 1916లో ఫ్రాయిండ్ అనే వైద్యుడు వర్ణించాడు. ద్రవం కారినచోటనే, మెడ మీద పతకాలు వేలాడినట్లు మచ్చలు ఏర్పడేవి. దోషి బెర్గాప్టెన్ అనే పదార్థం. చల్లగా పిండిన తైలంలో ఇది నూటికి అర పాలు కూడ ఉండదు. వాసనకు దీనితో పని లేదు. బల్లపరుపుగా ఉన్న దీని అణువు, కణంలోని డి.ఎన్.ఏ. అనే మెలితిరిగిన నిచ్చెన మెట్ల నడుమ దూరగలదు. చీకటిలో అయితే పెద్ద హాని లేదు. ఎండలోని అతినీలలోహిత కిరణాలు తగలగానే అది డి.ఎన్.ఏ.లోని థైమీన్‌తో గట్టిగా బంధించుకొంటుంది. కణం దెబ్బతిని చర్మం ఎర్రబడుతుంది, పొక్కులు కూడ రావచ్చు. తరువాత మెలనిన్ పెరిగి మచ్చ నెలల తరబడి నిలుస్తుంది.

ఈ గుణం భారతదేశానికి కొత్త కాదు. బావంచాలు నూరి బొల్లి మచ్చలకు పూసి ఎండ తగలనివ్వడం ఆయుర్వేదంలో ప్రాచీన చికిత్స. ఆ గింజల నుండి 1933లో భారతీయ రసాయనజ్ఞులు సొరాలెన్ అనే పదార్థాన్ని వేరుచేశారు. సొరాలెన్‌కు ఒక మిథాక్సీ సమూహం చేరిస్తే వచ్చేదే బెర్గాప్టెన్. ఒకచోట మందు, ఒకచోట గాయం. తేడా అంతా మోతాదులోను, వైద్యుని పర్యవేక్షణలోను ఉన్నది. చర్మం త్వరగా నల్లబడుటకై ఐరోపాలో బెర్గమాట్ తైలం కలిపిన లేపనాలు కొంతకాలం అమ్మారు. బెర్గాప్టెన్, అతినీలలోహిత కిరణాలు కలిస్తే క్యాన్సరు కలిగించే అవకాశమున్నదని తేలిన పిమ్మట వాటిని కట్టడి చేశారు.

దోషాన్ని తీసివేసే మార్గాలు రెండు ఉన్నవి. బెర్గాప్టెన్ సులభంగా ఆవిరి కాదు. కనుక గాలి పీడనం బాగా తగ్గించి, తక్కువ వేడితో తైలాన్ని స్వేదనం చేస్తే అది అడుగున మిగిలిపోతుంది. లేదా క్షారంతో కలిపితే దానిలోని లాక్టోన్ వలయం తెరచుకొని నీటిలో కరుగుతుంది. లినలైల్ ఎసిటేట్ కూడ క్షారానికి లొంగేదే గనుక రెండవ పద్ధతిలో నేర్పు అవసరం. శుద్ధి చేయని తైలమైతే, ఎండ తగిలే చర్మంపై కడగకుండా ఉంచే వస్తువులలో 0.4 శాతానికి మించరాదని అంతర్జాతీయ పరిమళ సంఘమైన ఇఫ్రా నియమం. వెంటనే కడిగివేసే సబ్బులకు ఈ పరిమితి లేదు.

బెర్గాప్టెన్ మన నిమ్మకాయ తొక్కలో కూడ ఉన్నది. వేసవిలో ఆరుబయట నిమ్మకాయలు పిండి షర్బతు చేసినవారి చేతులపై ఒకటి రెండు రోజులకు మంట, ఆపై నల్లని చారలు కనిపించడం దీనివలననే. పిండిన చేతులను ఎండలోకి వెళ్లకముందే సబ్బుతో కడుగుకొంటే చాలు.