జాంగో 5.0: పాత కోడ్ ఎందుకు ఆగిపోయింది?

పాత పుస్తకంలోని కోడ్‌ను మీరు అక్షరం పొల్లుపోకుండా టైప్ చేశారు. లాగిన్ సరిగానే పనిచేసింది. ‘లాగౌట్’ లింక్ నొక్కగానే మాత్రం తెరమీద 405 అనే దోషం కనిపించింది. ఎక్కడ పొరపాటు చేశామోనని రాత్రంతా వెతుక్కుని, మరునాడు కళ్లు ఎర్రబడి కౌన్సెలింగ్ తరగతికి వచ్చిన విద్యార్థులను నేను చూశాను. ఇంట్లో ఒంటరిగా చదువుకునే మీకు పక్కన అడగడానికి ఎవరూ ఉండరు. అందుకే ముందే చెబుతున్నాను: తప్పు మీది కాదు. పుస్తకం రాసినప్పటి జాంగో వేరు, మీ కంప్యూటర్‌లో ఉన్న జాంగో వేరు.

జాంగో పైథాన్ భాషలో రాసిన వెబ్ ఫ్రేమ్‌వర్క్. అమెరికాలోని కాన్సస్ రాష్ట్రంలో, లారెన్స్ పట్టణపు దినపత్రిక ఒకటి తన వెబ్‌సైట్ల కోసం తయారు చేయించుకున్న పనిముట్టు ఇది. 2005లో అందరికీ అందుబాటులోకి వచ్చింది. జాంగో రైన్‌హార్ట్ అనే గిటార్ విద్వాంసుడి పేరే దీనికి పెట్టారు. ఇంగ్లిషులో ఈ పేరు మొదట పలకని ‘డి’ ఒకటి ఉంటుంది. తెలుగులో మనకు ఆ చిక్కు లేదు.

2023 డిసెంబరులో 5.0 వెర్షన్ వచ్చింది. మన లాగౌట్ లింక్ పనిచేయకుండా పోయింది దీనితోనే. కారణం తెలుసుకోవాలంటే గెట్, పోస్ట్ అనే రెండు అభ్యర్థనల తేడా గుర్తు చేసుకోవాలి. సమాచారాన్ని చూపమని అడగడానికి గెట్. సర్వర్‌లో ఏదైనా మార్చడానికి పోస్ట్. లింక్ నొక్కితే వెళ్లేది గెట్. ఇప్పుడు ఒక ఆకతాయి తన వెబ్ పేజీలో బొమ్మ ఉండవలసిన చోట మీ సైటు లాగౌట్ చిరునామా పెట్టాడనుకోండి. ఆ పేజీ తెరిచిన వారి బ్రౌజర్ బొమ్మను తెద్దామని ఆ చిరునామాకు గెట్ పంపుతుంది. పాపం, ఆ వ్యక్తి ఏమీ నొక్కకుండానే మీ సైటు నుంచి బయటపడవచ్చు. అందుకే లాగౌట్‌కు పోస్ట్ తప్పనిసరి చేశారు. లింక్ తీసేసి, ఒక చిన్న ఫారం, అందులో ఒక బటన్ పెట్టండి. ఫారంలో సీఎస్‌ఆర్‌ఎఫ్ టోకెన్ మరవకండి. మరిస్తే 405 పోయి 403 వస్తుంది!

ఈ మార్పు చెప్పాపెట్టకుండా రాలేదు. 2022 ఆగస్టులో వచ్చిన 4.1 వెర్షనే ‘ఈ పద్ధతి 5.0లో ఉండదు’ అని హెచ్చరించింది. అంటే 16 నెలల గడువు. అయితే ఇటువంటి హెచ్చరికలను పైథాన్ మామూలుగా దాచి ఉంచుతుంది. చూపమని మనమే అడగాలి. వెర్షన్ మార్చేముందు పాత వెర్షన్‌లోనే హెచ్చరికలు కనిపించేలా పరీక్షలు నడిపి, ఒక్కొక్కటే సరిచేయండి. విడుదలతోపాటు ఇచ్చే మార్పుల పత్రాన్ని కూడా చదవండి. ఎవరూ చదవరు గాని, అరగంట పని.

మరి నేర్చుకోవడానికి ఏ వెర్షన్? నా మాట వింటే, కొత్తది కదా అని ప్రతిదాని వెంటా పడవద్దు. 4.2, 5.2 వంటివి దీర్ఘకాలిక మద్దతు గలవి. వాటికి సుమారు మూడేళ్లు భద్రతా సవరణలు అందుతాయి. 5.0కు ఆ భాగ్యం లేదు, 2025 ఏప్రిల్‌తోనే దాని మద్దతు ముగిసింది.

మీ ప్రగతిని సరిచూసుకోండి: ఒక సైటులో ‘ఈ రికార్డును తొలగించు’ అనేది మామూలు లింక్‌గా ఉంది. దీనివల్ల జరగగల నష్టాన్ని పై బొమ్మ ఉదాహరణ ఆధారంగా ఐదు వాక్యాలలో వివరించండి.