అబ్బా గల్ఫ్ నుంచి తెచ్చిన వాచ్.. డయల్‌కు రంగు వేయించొద్దు

1970లలో సౌదీ, కువైట్, దుబాయ్ వెళ్లినవాళ్లు సెలవులకు వచ్చేటప్పుడు టేప్‌రికార్డర్, సెంటు సీసాలతో పాటు చేతికో మంచి వాచ్ కూడా తెచ్చుకునేవారు. సరూర్‌నగర్, దిల్‌సుఖ్‌నగర్ వైపు మీ ఇంట్లోనూ బీరువా అరలో అలాంటిది ఉందా? అది క్రోనోగ్రాఫ్ అయితే అమ్మేముందు కాస్త ఆగండి.

గుర్తుపట్టడం తేలికే. టైమ్ మార్చే మరకు పైనొకటి, కిందొకటి బటన్లుంటాయి. పైది నొక్కితే పెద్ద సెకన్ల ముల్లు పరిగెడుతుంది, మళ్లీ నొక్కితే ఆగుతుంది. అప్పుడు కిందిది నొక్కితే టక్కున 12 దగ్గరికొస్తుంది. లోపల గుండె ఆకారంలో ఉన్న చిన్న ముక్క మీద ఒక మీట కొట్టడంతో జరిగే పని ఇది. ముల్లు సరిగ్గా 12 మీద నిలవకపోతే రిపేరు ఉన్నట్టే.

ఇందులో సామాన్యుడికి అందిన వాచ్ సీకో 6139. 1969లో వచ్చిన తొలి ఆటోమేటిక్ క్రోనోగ్రాఫ్‌లలో ఇదొకటి. 1973లో వ్యోమగామి విలియం పోగ్ ఇలాంటిదే పెట్టుకొని స్కైలాబ్‌కు వెళ్లాడు. దీనికి ఎప్పుడూ తిరిగే సెకన్ల ముల్లు ఉండదు. బటన్ నొక్కితేనే కదులుతుంది. అది తెలియక ‘చెడిపోయింది’ అనుకుంటే పాత సామాను పాలే! నాలుగుసార్లు ఊపి చెవి దగ్గర పెట్టుకొని వినండి. వెనక మూత మీది సీరియల్ నంబర్‌లో మొదటి అంకె సంవత్సరం, రెండోది నెల. 34తో మొదలైతే 1973 ఏప్రిల్ అన్నమాట.

అసలు నష్టం జరిగేది మాత్రం రిపేరు బల్ల మీద. ‘డయల్ కొత్తగా చేసిస్తా’ అంటే సరే అనకండి. సేకరించేవాళ్లు మరకలున్న అసలు డయల్‌కే డబ్బులిస్తారు. రంగు వేసినవాటికి ‘ముంబై స్పెషల్’ అని పేరుపెట్టి పక్కన పెడతారు. అక్షరాలు లావుగా, వంకరగా ఉంటే అనుమానించాల్సిందే. కొనేవాళ్లకూ ఇదే పరీక్ష. సర్వీసింగ్‌లో ఏ భాగం మార్చినా పాతది కవర్‌లో వేసి తిరిగిమ్మనండి.

‘బంగారం కాదు, ఉత్త స్టీలే కదా’ అనే మాటా వినొద్దు. పటెక్ ఫిలిప్ 1518 మోడల్‌లో ఎక్కువ భాగం బంగారు వాచీలే. స్టీలువి నాలుగే బయటపడ్డాయి. వాటిలో ఒకటి 2016 నవంబర్‌లో జెనీవా వేలంలో కోటీ పది లక్షల స్విస్ ఫ్రాంకులు పలికింది. మగవాళ్లు బంగారం పెట్టుకోని మన ఇళ్లలో స్టీలు వాచీలే ఎక్కువ కదా!

సీకో మామూలు ధరదే. ఒమేగా స్పీడ్‌మాస్టర్, రోలెక్స్ డేటోనా అయితే లక్షల మాట. విరాసత్ లెక్కలో ఇల్లు, నగలు రాస్తారు కానీ వాచ్‌ను మాత్రం ‘పెద్దోడు ఉంచుకోనీలే’ అని వదిలేస్తారు. అందులో అక్కచెల్లెళ్ల హిస్సా కూడా ఉంది. పంచుకునేముందే ఫొటోలు తీసి, పాత వాచీలు తెలిసిన ఇద్దరి దగ్గర విడివిడిగా ధర కట్టించి కాగితం మీద రాయించుకోండి.