తిండికి తగిన నడక

“కూర్చుని తింటే కొండలైనా కరుగుతాయి” అని మన పెద్దలు అంటారు. పని చేయకుండా తింటూ కూర్చుంటే కొండంత ఆస్తి అయినా తరిగిపోతుందని ఈ సామెతకు అర్థం. ఆస్తి విషయంలో ఈ మాట నిజమే. కాని శరీరం విషయంలో ఇది తలకిందులవుతుంది. కూర్చుని తింటే ఒంట్లోని కొవ్వు కరగదు, పేరుకుంటుంది. పైగా ఈ కాలంలో సోమరులే కాదు, ఎంతో కష్టపడి పనిచేసేవారు కూడా కూర్చునే పని చేస్తున్నారు. వారికి పని తక్కువ కాదు, కదలిక తక్కువ. ఈ తేడాను తెలుసుకోవడానికి సింగపూరులోని వన్-నార్త్ అనే ప్రాంతాన్ని చూద్దాం.

విద్యార్థులారా! ప్రపంచ పటం తీసి చూడండి. మన హైదరాబాదు భూమధ్యరేఖకు ఉత్తరంగా పదిహేడు డిగ్రీలకు పైన ఉంటుంది. సింగపూరు సుమారు ఒక్క డిగ్రీ దూరంలోనే ఉంది. ‘వన్-నార్త్’ అనే పేరు అందువల్లనే వచ్చింది. బువోనా విస్టా దగ్గర సుమారు 200 హెక్టార్ల స్థలంలో 2001లో ఈ ప్రాంతానికి శ్రీకారం చుట్టారు. జీవశాస్త్ర పరిశోధనల కోసం బయోపోలిస్ భవనాలను 2003లో తెరిచారు. ఇంజనీరింగు, సమాచార రంగాల పరిశోధనల కోసం ఫ్యూజనోపోలిస్ 2008లో వచ్చింది. 2011లో వన్-నార్త్ పేరుతోనే ఒక రైలు స్టేషను కూడా ప్రారంభమైంది. ప్రపంచంలోని ఎన్నో దేశాలవారు ఇక్కడ పనిచేస్తారు. వారిలో మన తెలుగువారూ ఉన్నారు.

అలాంటి తెలుగు ఉద్యోగి ఒకరి దినచర్యను ఊహించుకుందాం. ఉదయం అతడు ఇంటి నుంచి లిఫ్టులో కిందికి దిగుతాడు. రైలులో కూర్చుంటాడు. ఆఫీసు భవనంలో మళ్ళీ లిఫ్టు ఎక్కుతాడు. పగలంతా కంప్యూటరు ముందు కుర్చీలో కూర్చుంటాడు. మధ్యలో రెండు మూడు సార్లు తియ్యని కాఫీ తాగుతాడు. రాత్రి ఇంటికి చేరి కంచం నిండా అన్నం, పప్పు, ఆవకాయ, నెయ్యి వేసుకుని తృప్తిగా భోజనం చేస్తాడు. ఆ తరువాత సోఫాలో కూర్చుని ఫోను చూస్తూ పదకొండు దాటిస్తాడు. అతడు అలసిపోలేదా అంటే అలసిపోయాడు. అలసినవి కళ్ళూ, మెదడూ. కాళ్ళు కాదు.

ఇతని తాతగారు పల్లెటూరిలో రైతు అనుకుందాం. ఆయన కూడా కంచం నిండా అన్నమే తిన్నాడు. కాని తెల్లవారుజామున నాగలి పట్టి, చీకటిపడే వేళకు గాని ఇల్లు చేరలేదు. నానమ్మ వడ్లు దంచింది, రోటిలో పచ్చడి నూరింది, బావి నుంచి నీళ్ళు తోడింది. వారు ప్రత్యేకంగా వ్యాయామం చేయలేదు. వారి బతుకులోనే వ్యాయామం ఉంది. మనవడి కాలానికి తాత చేసిన పని పోయింది, తాత తిన్న కంచం మాత్రం మిగిలింది. చిక్కంతా ఇక్కడే ఉంది.

బరువు ఎలా పెరుగుతుందో ఒక చిన్న లెక్క వేసి చూద్దాం. ఆహారం ఇచ్చే శక్తిని కేలరీలలో కొలుస్తారు. ఒక గ్రాము పిండిపదార్థం లేదా మాంసకృత్తి సుమారు 4 కేలరీలు ఇస్తుంది. ఒక గ్రాము కొవ్వు 9 కేలరీలు ఇస్తుంది. మన ఉద్యోగి రోజుకు మూడు కప్పుల కాఫీ తాగుతాడనీ, కప్పుకు రెండు చెంచాల పంచదార వేసుకుంటాడనీ అనుకోండి. ఆరు చెంచాలంటే దాదాపు 30 గ్రాములు. అంటే 120 కేలరీలు. మామూలు బరువున్న మనిషి అరగంట చురుకుగా నడిస్తే ఖర్చయ్యే శక్తి కూడా ఇంచుమించు అంతే. అతడు పంచదార మానేసి, అరగంట నడిస్తే రోజుకు 240 కేలరీల తేడా వస్తుంది. ఒక కిలో కొవ్వులో సుమారు 7,700 కేలరీలు ఉంటాయి. కాబట్టి లెక్క ప్రకారం నెల రోజులకు దాదాపు ఒక కిలో తగ్గాలి. నిజానికి శరీరం ఇంత కచ్చితంగా లెక్క పాటించదు. బరువు తగ్గినకొద్దీ అది శక్తిని పొదుపుగా వాడుకోవడం మొదలుపెడుతుంది. అందుచేత ఫలితం కొంత తక్కువగానే కనిపిస్తుంది. అయినా దారి మాత్రం ఇదే.

బరువు ఎంత ఉంటే మంచిది? కిలోలలో ఉన్న బరువును, మీటర్లలో ఉన్న ఎత్తు వర్గంతో భాగిస్తే వచ్చే సంఖ్యను శరీర ద్రవ్యరాశి సూచిక అంటారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ సాధారణంగా 25 దాటితే అధిక బరువు అంటుంది. కాని ఆసియావారికి అంతకన్నా తక్కువ బరువులోనే మధుమేహం, గుండె జబ్బులు వచ్చే ప్రమాదం ఉందని నిపుణులు గుర్తించారు. అందువల్ల సింగపూరులో పెద్దవారికి 23 నుంచే జాగ్రత్తపడమనీ, 27.5 దాటితే ప్రమాదం ఎక్కువనీ చెబుతారు. ఒక మీటరు డెబ్బై సెంటీమీటర్ల ఎత్తున్న మనిషికి 23 అంటే సుమారు 66 కిలోలు. పిల్లలకు ఈ అంకెలు వర్తించవు. వయస్సును బట్టి వారికి వేరే పట్టికలు ఉన్నాయి.

ఇది కేవలం అందానికి సంబంధించిన సంగతి కాదు. మధుమేహం ముదిరితే కళ్ళు, మూత్రపిండాలు, కాళ్ళ నరాలు దెబ్బతింటాయి. అందుకే సింగపూరు ప్రభుత్వం 2016లో మధుమేహంపై యుద్ధం ప్రకటించింది.

బరువు పెరిగిందని తెలియగానే చాలామంది ఏం చేస్తారు? “రేపటి నుంచి అన్నం ముట్టను” అని ఒట్టు పెట్టుకుంటారు. వారం రోజులు ఆకలితో నకనకలాడతారు. ఎనిమిదో రోజున పులిహోర కనపడితే ఒట్టు గట్టున పెట్టి, రెండింతలు తింటారు. తగ్గిన బరువు తిరిగి వస్తుంది. మనం చేయలేమన్న నిరాశ కూడా వస్తుంది. తప్పు మనిషిది కాదు, పద్ధతిది. శరీరానికి కావలసింది వారం రోజుల వ్రతం కాదు, ప్రతిదినం పాటించగల అలవాటు.

మొదట కంచం సంగతి చూద్దాం. హైదరాబాదులోని తార్నాకలో జాతీయ పోషకాహార సంస్థ ఉంది. 1918లో కూనూరులో ఒకే ఒక గదిలో మొదలైన ఈ సంస్థ 1958లో హైదరాబాదుకు వచ్చింది. ఆ కాలంలో దాని మొదటి పరిశోధన బెరిబెరి వ్యాధి మీద. బాగా పాలిష్ చేసిన బియ్యంలో తవుడుతోపాటు బి-1 విటమిను కూడా పోతుంది. అలాంటి బియ్యమే ప్రధాన ఆహారమైనవారికి ఈ జబ్బు వచ్చేది. అప్పటి కష్టం లోపం వల్ల వచ్చింది. ఇప్పటి కష్టం చాలావరకు అతి వల్ల వస్తున్నది. రెండు చోట్లా మందు ఒక్కటే, సమతులాహారం. ఈ సంస్థ 2024లో కొత్త ఆహార సూత్రాలు ప్రకటించింది. కంచంలో సగం కూరగాయలు, ఆకుకూరలు, పండ్లు ఉండాలనీ, ధాన్యాల నుంచి వచ్చే శక్తి మొత్తంలో 45 శాతం మించరాదనీ అందులో చెప్పింది. సింగపూరు ఆరోగ్య శాఖవారు చూపే కంచం కూడా ఇలాంటిదే. సగం కూరలు, పండ్లు, పావు ముడిధాన్యం, పావు పప్పు, గుడ్డు, చేప వంటివి.

దీనికోసం తెలుగు భోజనం మానుకోనక్కరలేదు. ఇన్నాళ్ళూ మనం అన్నంలో కూర కలుపుకున్నాం, ఇక కూరలో అన్నం కలుపుకుందాం. పప్పు తగ్గించవద్దు. ఒక గరిటె అన్నం తగ్గించి, ఒక గరిటె కూర పెంచాలి. దంపుడు బియ్యం, జొన్న రొట్టె, రాగి సంకటి అప్పుడప్పుడూ వండుకోవచ్చు. పెసరట్టు, ఉలవచారు, పలుచని మజ్జిగ మంచివే. ఆవకాయ రుచికి నంజుకోవాలి గాని కూరకు బదులు కాకూడదు. అందులో ఉప్పూ నూనే ఎక్కువ. రోజుకు ఉప్పు మొత్తం 5 గ్రాములు, అంటే సుమారు ఒక చెంచా, మించరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ సలహా.

వన్-నార్త్‌కు నడిచి వెళ్ళగల దూరంలో గిమ్ మో అనే పేట ఉంది. అక్కడ అంగడీ, వంటశాలలూ ఒకే చోట ఉంటాయి. బయట తినేవారు అక్కడ కూడా మంచి కంచం ఎంచుకోవచ్చు. కొబ్బరిపాలతో వండిన అన్నానికీ, వేపుళ్ళకూ బదులు మామూలు అన్నంతో రెండు కూరలు, ఒక చేప ముక్కో సోయా ముక్కో అడగవచ్చు. అక్కడివారు ‘కంకోంగ్’ అని ఇష్టంగా తినే ఆకుకూర మరేదో కాదు, మన చెరువుల్లో పెరిగే తూటికూరే.

తాగే వాటి విషయంలో మరీ జాగ్రత్తగా ఉండాలి. నమిలి తింటే కడుపు నిండినట్లు తెలుస్తుంది. తాగిన తీపి అంతగా తెలియదు. సింగపూరులో 2022 డిసెంబరు చివరి నుంచి సీసాలలో, డబ్బాలలో అమ్మే పానీయాలకు చక్కెరనూ, సంతృప్త కొవ్వునూ బట్టి ఎ, బి, సి, డి అని శ్రేణులు ఇస్తున్నారు. మరుసటి ఏడాది చివరి నుంచి అప్పటికప్పుడు కలిపి ఇచ్చే పానీయాలకూ దీన్ని వర్తింపజేశారు. వంద మిల్లీలీటర్లకు పది గ్రాములకన్నా ఎక్కువ చక్కెర ఉంటే అది ‘డి’. అలాంటి 300 మిల్లీలీటర్ల డబ్బా ఒకటి తాగితే ఆరు చెంచాల పంచదార మింగినట్లే. సింగపూరు కాఫీ దుకాణాలలో ‘కోసోంగ్’ అనే మలయ మాట వినిపిస్తుంది. దానికి ‘ఖాళీ’ అని అర్థం. “కోపి-ఓ కోసోంగ్” అంటే పాలూ పంచదారా లేని కాఫీ ఇస్తారు. ఒక్కసారిగా మానలేనివారు “సియూ దాయ్” అంటే చాలు, తీపి తగ్గిస్తారు. ఇలా మెల్లగా తగ్గించుకుంటూ పోతే కొన్ని వారాలలో నాలుక తక్కువ తీపికి అలవాటు పడుతుంది.

ఇక నడక. భూమధ్యరేఖకు దగ్గరగా ఉండటంవల్ల సింగపూరులో ఏడాది పొడవునా పగలూ రాత్రీ దాదాపు సమానం. సూర్యుడు ఉదయం ఏడు గంటల ప్రాంతంలో ఉదయించి, సాయంత్రం ఏడు గంటల ప్రాంతంలో అస్తమిస్తాడు. కనుక ఎండ తగలకుండా నడవడానికి ఈ రెండు వేళలూ అనువైనవి. వన్-నార్త్ పక్కనుంచి ఒక పాత రైలుబాట పోతుంది. 2011లో ఆ మార్గంలో రైళ్ళు ఆగిపోయాయి. దక్షిణం నుంచి ఉత్తరం దాకా 24 కిలోమీటర్ల ఆ బాటను ఇప్పుడు నడిచేవారికీ, సైకిలు తొక్కేవారికీ వదిలారు. ఒకప్పుడు మనుషులు కూర్చుని ప్రయాణం చేసిన దారిలో ఇప్పుడు మనుషులు నడుస్తున్నారు!

అంత దూరం వెళ్ళే తీరిక లేనివారు ఒక స్టేషను ముందే దిగి నడవవచ్చు. రెండు అంతస్తులు మెట్లెక్కి, ఆపై లిఫ్టు ఎక్కవచ్చు. గంటకొకసారి కుర్చీలోంచి లేచి మంచినీళ్ళు తెచ్చుకోవచ్చు. పెద్దలు వారానికి కనీసం 150 నిమిషాలు ఓ మోస్తరు వ్యాయామం చేయాలనీ, రెండు రోజులు కండరాలకు బలమిచ్చే వ్యాయామం చేయాలనీ ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. పిల్లలకు రోజుకు సగటున ఒక గంట కావాలి. బడిలో శిక్షగా తీయించే గుంజీలు నిజానికి కాళ్ళకు చక్కని వ్యాయామం. తప్పు చేయకుండానే రోజూ ఇరవై తీయవచ్చు! రోజుకు పదివేల అడుగులు తప్పనిసరి అన్న మాట 1965లో జపానులో అమ్మిన అడుగులు లెక్కించే పరికరం పేరు నుంచి వ్యాపించింది. అది శాస్త్రం గీసిన గీత కాదు. మూడువేలు నడిచేవారు ఐదువేలు నడిచినా మేలే. దీనికితోడు నిద్ర కూడా చాలాలి. నిద్ర చాలనివారికి ఆకలి పెరుగుతుంది, నడిచే ఓపిక తరుగుతుంది.

చివరిగా ఒక ముఖ్యమైన సంగతి. నేను చదువుకునే రోజుల్లో మా తరగతిలో ఒక లావుపాటి అబ్బాయి ఉండేవాడు. మేమంతా అతణ్ణి ‘బూరె’ అని పిలిచేవాళ్ళం. మొదట్లో అతడూ నవ్వేవాడు. తరువాత ఆటల పీరియడులో కడుపునొప్పి అని చెప్పి చెట్టుకింద కూర్చోవడం మొదలుపెట్టాడు. అతనికి మేలు చేసేది ఆ ఆటే. మా ఎగతాళి అతణ్ణి దానికే దూరం చేసింది. ఇన్నేళ్ళ తరువాత కూడా ఆ చెట్టు గుర్తుకువస్తే నాకు సిగ్గేస్తుంది. సింగపూరు బడులలో 1992 నుంచి బరువెక్కువ ఉన్న పిల్లలచేత ప్రత్యేకంగా వ్యాయామం చేయించే పథకం ఒకటి నడిచింది. బరువెక్కువ ఉన్న పిల్లల శాతం తగ్గింది. కాని ఆ పిల్లలను వేరుచేసి చూపడం వల్ల ఎగతాళికి గురవుతున్నారన్న విమర్శ వచ్చింది. 2007లో ఆ పథకాన్ని ఆపి, అందరు పిల్లల ఆరోగ్యాన్నీ కలిపి చూసే పద్ధతిని తెచ్చారు. కాబట్టి మీ మిత్రుడు లావుగా ఉంటే పేరు పెట్టకండి. “రా, ఆడుకుందాం” అని పిలవండి.

విద్యార్థులారా! మీరు ఎదిగే వయస్సులో ఉన్నారు. బరువు తగ్గాలని పస్తులుండకండి. మధుమేహానికి మందులు వాడే పెద్దలు కూడా వైద్యుణ్ణి అడగకుండా భోజనం తగ్గించరాదు. అన్ని అలవాట్లనూ ఒకేరోజున మార్చాలని చూడవద్దు. ఈ నెల కాఫీలో తీపి తగ్గించండి, వచ్చే నెల భోజనమయ్యాక ఇంటిల్లిపాదీ కలిసి పావుగంట నడవండి. ఆ మరుసటి నెల కంచంలో కూర పెంచండి. తాత చేసిన పని మనకు తిరిగి రాదు. ఆయన నడిచినంత కాకపోయినా, తిన్నదానికి తగినంత నడవడం మన చేతిలోనే ఉంది.

అభ్యాసం

1. “తాత చేసిన పని పోయింది, తాత తిన్న కంచం మాత్రం మిగిలింది” అనే వాక్యాన్ని మీ మాటల్లో వివరించండి.
2. మీ ఇంట్లో ఒక్కొక్కరు రోజుకు ఎన్ని చెంచాల పంచదార తాగుతున్నారో వారం రోజులు లెక్క రాయండి.
3. మీ అమ్మమ్మను గాని, నానమ్మను గాని అడిగి, ఆమె చిన్ననాటి దినచర్యను పది వాక్యాలలో రాయండి. అందులో కదలిక ఉన్న పనుల కింద గీత గీయండి.